మడతపడ్డ చప్పుడు

గనిలో అందరూ ఆయన్ని పాముచెవులు అనేవారు. ఎదురుపడితే పాముచెవుల మేస్త్రీగారు, పక్కకి తిరిగితే ఉత్త పాముచెవులు. పక్కకి తిరిగి అన్నది కూడా ఆయనకి వినబడుతుందని తెలిసే అనేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఒకసారి పొరుగింటి పిల్ల స్కూల్లో విన్న సంగతి మోసుకొచ్చి, "పాముకి అసలు చెవులే ఉండవంట పెదనాన్నా, దవడ నేలకి ఆనించి వింటుందంట" అంది. ఆయన పడీపడీ నవ్వి, "అయితే నాకు సరైన పేరే పెట్టారే తల్లీ" అన్నాడు.

ఎందుకంటే ఆయన వినేది కూడా దవడతోనే. మూరెడు ఇనపచువ్వ ఒకటి ఎప్పుడూ నడుముకి వేలాడుతుండేది. దాని ఒక కొస రాతికి ఆనించి, రెండో కొస పళ్ళమధ్య కరిచిపట్టి కళ్ళు మూసుకునేవాడు. చెవికి అందనిది ఎముకకి అందుతుందనేవాడు. పైకప్పు మీద సుత్తితో తడితే గట్టిరాయి కంచులా మోగుతుంది, డొల్లరాయి బీటవారిన కుండలా బొదబొదమంటుంది. ఏది ఎప్పుడు ఊడిపడబోతోందో ముందే చెప్పి ఎంతమందిని బయటికి లాగాడో ఆయనకే లెక్క లేదు. చువ్వ కరిచీ కరిచీ ముందుపళ్ళు రెండూ అరిగిపోయాయి. అందరిళ్ళలో గోడలకి చెవులుంటే, మా ఇంట్లో గోడల ఉద్యోగం కూడా ఈయనే చేస్తాడని భార్య వేళాకోళం చేసేది.

అది పెన్సిళ్ళలో వేసే నల్లరాయి తవ్వే గని. బూడిదరంగు గట్టిరాయి కింద ఒకటి, పైన ఒకటి. మధ్యలో మనిషి నిలువున ఈ నల్లపొర. గోరుతో గీరినా రాలేంత మెత్తన, చేత్తో రాస్తే నూనె రాసినట్టు జారుతుంది. ఎంత సబ్బు అరగదీసినా వేళ్ళగీతల్లో నలుపు పోదు. ఆయన ముట్టుకున్న గ్లాసు మీద, తలుపు గడియ మీద, దిండుగలీబు మీద వేలిముద్రలు ఉండిపోయేవి. "నువ్వు దొంగతనానికి మాత్రం పనికిరావయ్యా" అనేది ఆవిడ.

పెళ్ళయి ఆవిడ కాపరానికి వచ్చిన రోజు ఆవిడతో పాటు ఒక ట్రంకుపెట్టె, ఆ పెట్టె మీద కూర్చుని ఆగకుండా మాట్లాడుతున్న ఒక పసివాడు కూడా దిగారు. వాడు ఆవిడ తమ్ముడు. తల్లీతండ్రీ లేరు, అక్కే అన్నీ. ఆ రోజు మొదలుపెట్టిన మాట వాడు పెద్దయ్యాక కూడా ఆపలేదు. నిద్రలో మాట్లాడేవాడు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడేవాడు, భోజనం ఆలస్యమైతే ఖాళీ కంచం మీద వేళ్ళతో దరువేసేవాడు. తకతకిట తక్, కాస్త ఆగి, మళ్ళీ తక్. వాడికి రేడియో అని పేరు పెట్టింది బావే. ఆ దంపతులకి పిల్లలు కలగలేదు. కలిగినా ఈ రేడియో గోలలో వాళ్ళ ఏడుపు ఎవరికి వినబడేదిలే అనుకుని సరిపెట్టుకున్నారు.

మీసం రాగానే గనిలోకి వస్తానన్నాడు రేడియో. అక్క ససేమిరా అంది. అలిగింది, తిట్టింది, వాడి బట్టలు పెట్టెలో పెట్టి తాళం వేసింది. చివరికి మొగుడి ముందుకొచ్చి నిలబడి, "గనిని నమ్మి పంపట్లేదు. నీ చెవుల్ని నమ్మి పంపుతున్నాను" అంది.

ఆ మాట ఆయన మరిచిపోలేదు. బావమరిదికి కూడా చువ్వ ఒకటి చేయించి, పళ్ళతో ఎలా పట్టాలో, ఊపిరి ఎలా బిగబట్టాలో నేర్పాడు. "కళ్ళు మోసం చేస్తాయిరా. చీకట్లో దగ్గరిది దూరమవుతుంది, దూరంది దగ్గరవుతుంది. చప్పుడు అబద్ధం చెప్పదు. ఎప్పుడైనా దారి తప్పితే ఇంకేం ఆలోచించకు, చప్పుడు వచ్చేవైపుకి పో" అని చెప్పాడు. రేడియో దాన్ని పాటకట్టి పాడి గనంతా వినిపించాడు.

కొంతకాలానికి ఆ గనికి ఒక అమ్మాయి వచ్చింది. రాళ్ళ చదువు చదువుకున్న పిల్ల. అందరూ రాళ్ళ మేడమ్ అనేవారు. నెత్తిన టోపీ, చేతిలో చిన్న సుత్తి, మనిషి మహా మెతక. మనం నల్లపొర వెంట తవ్వుకుంటూ పోతుంటే అది ఎందుకు హఠాత్తుగా వంకర తిరుగుతుంది, ఎందుకు మాయమై ఇంకోచోట తేలుతుంది అన్నది కనిపెట్టడం ఆ పిల్ల పని. ఒకరోజు భోజనాల వేళ ఆయన దగ్గర కూర్చుని అడిగింది. ఆయన తనకి తెలిసింది చెప్పాడు. "ఏముందమ్మా, ఈ పొర లోపలికిపోయి, తలపిన్నులా వంగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. అది నాకు పళ్ళతో తెలుసు."

"నిజమే మేస్త్రీగారూ. కానీ అది మొదటి మడతే" అంది ఆ పిల్ల. ఆయన భుజం మీది తుండుగుడ్డ అడిగి తీసుకుంది. "ఈ రాళ్ళు ఒకప్పుడు చాపలు పరిచినట్టు ఒకదానిమీద ఒకటి ఉండేవి. రెండు పక్కల్నుంచీ నొక్కుడు పడింది, మడతపడ్డాయి." గుడ్డని సగానికి మడిచింది. "తర్వాత ఎన్నో యుగాలకి మళ్ళీ నొక్కుడు పడింది. ఈసారి వేరే వైపునుంచి." మడిచిన గుడ్డని అటూఇటూ పట్టి దగ్గరికి నొక్కింది. మడతే మళ్ళీ వంగి, కొసలు ఎటుపోయాయో తెలియకుండా పోయాయి. "మడతే మళ్ళీ మడతపడిందన్నమాట. ఇప్పుడు ఈ అంచు ఎటు పోతోందో చెప్పండి చూద్దాం."

ఆయన గుడ్డకేసి చూసి, "అమ్మా, ఇది రాయి కాదు, మడతపేచీ" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. రేడియో ఆ మాటని సాయంత్రానికల్లా గని పైనున్న దీపాల గది దాకా మోసేశాడు. ఆ తర్వాత ఎవరు ఏ చిక్కులో పడినా రెండో నొక్కుడు పడిందిరా అనడం గనిలో అలవాటైపోయింది.

ఒక ఉదయం రేడియో పొర చివరన ఉన్న ఇరుకు గుహలోకి, అక్కడ వదిలేసిన సుత్తి కోసం ఒక్కడే వెళ్ళాడు. వాడు లోపలుండగా దారిలో పైకప్పు దిగింది. దుమ్ము సర్దుకునేసరికి సొరంగం ఉండాల్సినచోట రాళ్ళగుట్ట ఉంది. ఆ కప్పుని అంతకుముందురోజే పాముచెవులు తట్టి చూశాడు. కంచులా మోగింది.

గుట్ట తీద్దామంటే ఒక రాయి తీస్తే పైనుంచి రెండు దిగుతున్నాయి. పక్కనుంచి దారి తొలవాలి. ఎటునుంచి? పొర వెంట వంకరలు తిరిగిన ఆ దారి చివర గుహ ఎటుపక్కకి పడిందో ఎవరికీ కచ్చితంగా తెలీదు. మేనేజరు నోటిదురుసువాడు, ఎప్పుడూ ఎవరో ఒకరిమీద అరుస్తుండే మనిషి. ఆ రోజు గొంతు తగ్గించి, "ఎటు తవ్వమంటావు మేస్త్రీ?" అన్నాడు. అందరి దీపాలూ ఆయన మొహం వైపు తిరిగాయి.

ఆయన చువ్వ పట్టుకుని గోడగోడకీ తిరిగాడు. బూడిదరాయి మీద ఏమీ లేదు. కాలు కాలిన పిల్లిలా అన్ని సొరంగాలూ తిరిగి తిరిగి, ఎడమచేతివైపు సొరంగం కొసన నల్లపొర బయటపడి ఉన్నచోట చువ్వ ఆనించాడు. పళ్ళలోకి వచ్చింది. తకతకిట తక్, కాస్త ఆగి, తక్. ఖాళీ కంచం మీది దరువు. చువ్వ నోట్లో ఉండగానే ఆయనకి ఏడుపొచ్చింది.

"ఇక్కడే! ఈ గోడవతలే ఉన్నాడు వెధవ! ఆకలేస్తోందంటున్నాడు!" అని అరిచాడు.

జనం గునపాలు పట్టుకుని ఎగబడ్డారు. రాళ్ళ మేడమ్ ఆయన పక్కకి వచ్చి, "మేస్త్రీగారూ, ఈ పొర ఇక్కణ్ణించి ఎటు తిరుగుతుందో నాకు అంతుపట్టట్లేదు. చప్పుడు పొర వెంబడే చుట్టుతిరిగి వస్తోందేమో" అంది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, ఇప్పుడు పాఠాలొద్దు" అన్నాడాయన. ఆ పిల్ల పక్కకి తప్పుకుంది.

మెత్తటి పొర కాబట్టి పని వేగంగా సాగింది. తవ్వేవాళ్ళు మారుతున్నారు, ఆయన మారలేదు. కాస్తకాస్తకీ అందరినీ ఆపి చువ్వ ఆనించేవాడు. దరువు వినబడేది. గోడవతలే ఉన్నట్టుండేది. ఇంకా తవ్వారు. అప్పుడూ గోడవతలే. ఇంకా తవ్వారు. చప్పుడు పెరగలేదు, తగ్గలేదు. ఎంత నడిచినా అంతే దూరంలో ఉండే చందమామలా అది ముందుకు జరుగుతూ పోయింది. ఆయనకి అనుమానం తగిలింది కానీ, పళ్ళు చెబుతున్నదాన్ని కాదనే ధైర్యం లేకపోయింది.

బలవంతంగా పైకి పంపిస్తే అక్కడ దీపాల గది అరుగు మీద భార్య కూర్చుని ఉంది. ఎవరో ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు తాగకుండా పక్కన పెట్టుకుంది. "మాట్లాడుతున్నాడా?" అని అడిగింది.

"మాట్లాడకేం, నోరు ఊరుకుంటుందా వాడికి."

"నీళ్ళున్నాయా వాడి దగ్గర?"

"సీసా పట్టుకెళ్ళాడు."

"అది పాత సీసా, కారుతుంది. కొత్తది కొనుక్కోరా అని చెప్తూనే ఉన్నాను." ఆవిడ ఆ సీసా సంగతే మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆయన కూర్చోకుండానే కిందికి దిగిపోయాడు.

తిరిగి వస్తూ పాత తోపుడుబండ్ల సొరంగం మీదుగా వచ్చాడు. అక్కడ వడ్రంగి కప్పుకి దన్నుగా దూలాలు నిలబెడుతున్నాడు. "ఏమన్నా తెలిసిందా అన్నా?" అన్నాడు వడ్రంగి. "వస్తాడు" అని ఆయన దాటిపోయాడు. తవ్వకం కొసకి చేరి, మనుషుల్ని ఆపి, చువ్వ ఆనించాడు. దరువు నీరసంగా ఉంది, మధ్యమధ్య తెగుతోంది. దానితో పాటు ఇంకో చప్పుడు ముందునుంచి వస్తోంది. ఠంగు, ఠంగు. బరువైన దెబ్బలు.

రేడియో అంత గట్టిగా కొట్టే స్థితిలో లేడు. ముందు ఇంకెవరున్నారు? ఆయన అలాగే వంగి విన్నాడు. రెండు దెబ్బలు, ఆగడం, ఒక చిన్న దెబ్బ. మేకు కొట్టేవాడి తీరు. చువ్వ నోట్లోంచి తీసి ఒకణ్ణి పిలిచి, "వెనక్కి పరిగెత్తి, వడ్రంగిని ఆగమను. కాసేపాగి మళ్ళీ కొట్టమను" అన్నాడు. మళ్ళీ పళ్ళలో పెట్టుకున్నాడు. ముందునుంచి వస్తున్న ఠంగు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

వడ్రంగి వెనకున్నాడు. దెబ్బ ముందునుంచి వినబడుతోంది.

తలపిన్ను వంపుని ఆయన ఎరుగును, దాన్ని లెక్కలోకి తీసుకునే చెప్పాడు. ఆ తలపిన్నునే ఎవరో పట్టుకుని మళ్ళీ వంచారు. చప్పుడు నల్లపొరని వదలకుండా, దానితోపాటే ఆ రెండో వంపు కూడా తిరిగి వచ్చి ఆయన పళ్ళకి తగులుతోంది. తవ్వినకొద్దీ తను బావమరిదికి దూరంగా పోయాడు. ఇంతమంది చేత, ఇంత కష్టపడి.

రాళ్ళ మేడమ్ పాత సొరంగం మొదట్లో ఒక పెట్టె మీద కూర్చుని ఉంది. ఆయన వెళ్ళి తుండుగుడ్డ ఆ పిల్ల ఒళ్ళో పెట్టి, "ఇంకోసారి మడిచి చూపించమ్మా" అన్నాడు. జరిగింది చెప్పాడు. ఆ పిల్ల నల్లబడ్డ వేలితో గుడ్డ మీద గీత గీసింది, మడిచింది, పక్కల్నుంచి నొక్కింది. గీత కొక్కెంలా తిరిగి, దాని రెండు కొసలూ పక్కపక్కకి వచ్చాయి.

"ఈ కొసన మనం తవ్వుతున్నాం. ఆ కొసన రేడియో ఉన్నట్టయితే, పొర వెంబడి పోతే ఎప్పటికీ చేరం. అడ్డంగా అయితే ఈ పాత సొరంగం గోడ దాటితే చాలు. కానీ ఇది బూడిదరాయి. నాకూ కచ్చితంగా తెలీదు మేస్త్రీగారూ."

"నువ్వు అప్పుడే చెప్పావు కదమ్మా."

"గట్టిగా చెప్పాల్సింది. మీ చెవుల మీద నాకూ నమ్మకమే" అంది ఆ పిల్ల. అనేసి ఏడ్చింది. ఆయన ఊరుకోమనలేదు. ఊరుకోమనే ఓపిక ఆయనకి లేదు.

మేనేజరు విని తల పట్టుకున్నాడు. గట్టిరాయి తొలవాలంటే ఉన్న యంత్రం ఒక్కటే, దాన్ని ఇటు తెస్తే అటుపని ఆగిపోతుంది. ఇది కూడా తప్పయితే ఇక మూడో ప్రయత్నానికి లోపల మనిషి ఉండడు. "అక్కడ చప్పుడుందా మేస్త్రీ? ఆ ఒక్కటీ చెప్పు. ఉందంటే తెప్పిస్తాను."

ఆయన పాత సొరంగం గోడకి చువ్వ ఆనించాడు. ఏమీ లేదు. నల్లపొరలో పుట్టిన చప్పుడు బూడిదరాయిలోకి దాటదని ఆయనకి తెలుసు. వడ్రంగి దూలం పక్కన వేలెడంత నల్లపొర కనబడుతుంటే అక్కడ ఆనించాడు. అక్కడా ఏమీ లేదు. ఇందాక నీరసంగానైనా ఉన్న దరువు ఇప్పుడు ఎక్కడా లేదు. ఊపిరి బిగబట్టి తన గుండె తనకి వినబడేదాకా విన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. పుట్టి బుద్ధెరిగాక రేడియో మొదటిసారి ఆగిపోయాడు.

ఆయన చువ్వ నోట్లోంచి తీసి, తడి తుడిచి, "వస్తోంది" అన్నాడు.

"నిజంగా?"

"తకతకిట తక్. ఆగి, తక్." వేళ్ళతో తొడ మీద వేసి చూపించాడు.

యంత్రం వచ్చింది. రాయి నిప్పులు కక్కింది. అది ఆగినప్పుడల్లా జనం ఆయనకేసి చూసేవారు. ఆయన చువ్వ కరిచి, కళ్ళు మూసుకుని, ఏమీ వినకుండా, వేళ్ళతో దరువు వేసేవాడు. దరువు చూసి వాళ్ళు మళ్ళీ పనిలో పడేవారు. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు. కానీ ఆ దరువు ఎంత బాగా వచ్చంటే, వేస్తూ వేస్తూ ఒక్కోసారి వాడే వేస్తున్నాడేమో అని తనే ఆగి వినేవాడు. లోపల మనిషి పోయాడని ఆయనకి దాదాపు ఖాయమైపోయింది. ఆగితే భార్యకి ఆ మాట చెప్పాలి. అందుకని ఆగలేదు.

మధ్యలో ఆవిడ ఎవరు అడ్డుపడినా వినకుండా కిందికి దిగి వచ్చింది. ఎదురుగా నిలబడి అరచెయ్యి చాపింది. ఆయన ఆ అరచేతి మీద దరువు వేశాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆవిడ చెయ్యి ముడుచుకుని, గోడ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

రాయి పగిలింది. అవతల చీకటి కనబడింది. అందరికంటే ముందు ఆయన తల దూర్చాడు.

మేడమ్ చెప్పినచోటే ఆ ఇరుకు గుహ. రేడియో దీపం ఆరిపోయి అక్కడుంది. కారిపోయిన సీసా ఉంది. దరువేసిన సుత్తి ఉంది. రేడియో లేడు.

ఆయన దీపం నలువైపులా తిప్పాడు. ఎదురుగోడ నల్లపొరలో ఎలుక కన్నంలా ఒక రంధ్రం, మనిషి పాకితే పట్టేంత. దాని ముందు తోడిపోసిన నల్లపొడి. ఆయనకి అర్థమైంది. వాడు పళ్ళలో చువ్వ పెట్టుకున్నాడు. అటునుంచి బావ గునపం చప్పుడు విన్నాడు. దారి తప్పితే చప్పుడు వచ్చేవైపుకి పొమ్మని బావ చెప్పాడు. దరువాపి, సుత్తి పడేసి, ఆ వైపుకే తవ్వుకుంటూ పోయాడు.

"ఒరేయ్!" అంటూ ఆయన రంధ్రంలోకి పాకాడు. పొట్ట గీరుకుంది, భుజాలు ఇరుక్కున్నాయి. చాలా లోపల దీపం వెలుగులో రెండు నల్లటి అరికాళ్ళు కనబడ్డాయి. వాటికవతల సన్నగా గీరుతున్న చప్పుడు. చువ్వతో రాయిని గీరుతున్నాడు. ఆ చప్పుడు ఆయన పళ్ళతో కాదు, మామూలు చెవులతో విన్నాడు.

"ఒరేయ్ రేడియో! నేనురా!"

గీరడం ఆగింది. వాడు వెనక్కి తిరగలేదు. చెంప ముందున్న రాతికి ఆనించి, ఆ రాతితో మాట్లాడాడు. గొంతు పీలగా, ఎండిపోయి ఉంది. "వినబడుతున్నావు బావా. దగ్గరికొచ్చేశావు. ఇటే, ఇటే తవ్వు. నేనూ తవ్వుతున్నా."

"వెనకున్నానురా నాయనా. ఇటు తిరుగు."

"నన్ను ఆటపట్టించకు బావా. ముందునుంచే వస్తోందిగా. చప్పుడు అబద్ధం చెప్పదు." మళ్ళీ గీరడం మొదలుపెట్టాడు.

ఆయన ఇంకాస్త పాకాడు. చెయ్యి చాపాడు, అందలేదు. ఊపిరంతా వదిలి ఇంకాస్త పాకాడు. రెండు చేతులతోనూ వాడి చీలమండలు అందిపుచ్చుకుని గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు వాడి ఒళ్ళంతా ఉలిక్కిపడింది. చువ్వ జారి రాతికి తగిలి మోగింది.

వయసులో తండ్రంతటివాడు, వరసకి బావ, వాడి పాదాల మీద నుదురు పెట్టి ఏడుస్తున్నాడు.

"ఛీ, ఛీ" అన్నాడు రేడియో, ఇంకా రాతివైపే తిరిగి. "పెద్దవాడివి, నా కాళ్ళు పట్టుకుంటావేంటి బావా. అక్క చూస్తే తిడుతుంది."